ఎక్కకముందే నేర్పాల్సిన పక్క అడుగు

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వైపు వెళ్లే రోడ్డు మొయినాబాద్, చేవెళ్ల దాటి ఆలూరు చేరేలోపు రెండు రకాల జీవితాల మధ్య నుంచి సాగుతుంది. ఒకటి పట్నానికి కూరగాయలూ పూలూ పండించి పంపే రైతులది. రెండోది పట్నం నుంచి వచ్చి ఫాంహౌస్‌లు కట్టుకున్నవాళ్లది. ఈ రెండింటి నడుమకు గుర్రం కూడా వచ్చి చేరింది. మొయినాబాద్ మండలం అజీజ్‌నగర్‌లో పోలో, స్వారీ నేర్పే క్లబ్ ఉంది. సరదాకు సొంతంగా గుర్రాన్ని తెచ్చుకుని పెంచుకునేవాళ్లూ ఉన్నారు. దీనికి నేల ఒక కారణం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడేందుకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. పట్నానికి పడమటి దిక్కున ఇంత ఖాళీ నేల మిగలడంలో ఆ జీవో పాత్ర ఉంది. గుర్రానికి నేల కావాలి, నిజమే. కానీ నేల ఉన్నంత మాత్రాన గుర్రం పెంపకం వచ్చినట్టు కాదు. గుర్రాన్ని కొన్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఎంత వేగంగా పరిగెడుతుందని. నిజానికి మొదట అడగాల్సింది, పక్కన నిలబడి వేలితో తాకితే అది పక్కకు ఒక్క అడుగు నెమ్మదిగా వేస్తుందా లేదా అని. జీను వేయకముందే, మనిషి నేల మీద నిలబడే ఈ అడుగు నేర్పాలి. గుర్రానికి మన మాట అర్థమైందో, మన భయం మాత్రమే అర్థమైందో తేల్చి చెప్పేది ఈ పక్క అడుగేనన్నది ఈ వ్యాసం వాదన.

ఈ అడుగు ఎందుకు అవసరమో రోడ్డే చెబుతుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా ఉన్న 46 కిలోమీటర్ల దారి లారీలు, బస్సులు, కార్లతో ఎప్పుడూ రద్దీగా ఉంటుంది. రోడ్డు అంచు ఎంత ప్రమాదకరమో ఆలూరువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2024 డిసెంబరులో ఆలూరు స్టేజీ దగ్గర అదుపు తప్పిన లారీ, రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల ప్రాణాలు తీసింది. ఇలాంటి దారికి ఆనుకుని ఉన్న ఊళ్లలో గుర్రాన్ని బయటికి తీసేవాళ్లకు దాన్ని ముందుకు నడపడం, ఆపడం మాత్రమే వస్తే సరిపోదు. ఎదురుగా బండి వస్తే గుర్రం మొహం తిప్పకుండా, వెనక భాగాన్ని రోడ్డు మీదికి నెట్టకుండా, మొత్తం ఒళ్లు ఒక్కటిగా పక్కకు జరగాలి. పొలం గేటు గుర్రం మీద నుంచే తీయాలన్నా ఇదే విద్య కావాలి. గుర్రపుశాలలో గడ్డి వేసే మనిషి గోడకూ గుర్రానికీ మధ్య నలిగిపోకుండా ఉండాలన్నా ఇదే కావాలి. గుర్రం బరువు సుమారు 400 నుంచి 500 కిలోలు ఉంటుంది. అంత బరువును మనిషి తన బలంతో పక్కకు నెట్టలేడు. అదే జరగాలి, జరగడానికి ఒప్పుకోవాలి.

ఇక గుర్రం శరీరంలో ఈ అడుగు ఎలా పడుతుందో చూద్దాం. మనిషికి భుజాన్ని ఛాతీతో కలిపే కాలర్ ఎముక ఉంటుంది. గుర్రానికి అది లేదు. దాని ముందుకాళ్లు మొండేనికి ఎముకతో కాక కండరాలతోనే అతుక్కుని ఉంటాయి. అంటే ఛాతీ రెండు ముందుకాళ్ల మధ్య ఊయలలో వేలాడుతున్నట్టు ఉంటుంది. అందుకే ముందుకాలిని ఒకదాని ముందుగా ఇంకొకటి అడ్డంగా దాటించడం దానికి సాధ్యమవుతుంది. వెనక తుంటిలో బంతిగిన్నె కీలు ఉన్నా, దాన్ని పట్టి ఉంచే గట్టి బంధనం కాలిని బయటికి ఎక్కువగా చాచనివ్వదు. కాబట్టి పక్క అడుగు గుర్రానికి సాధ్యమే, కానీ అలవాటు లేని పని. పైగా నిలబడిన గుర్రం బరువులో సగానికి పైగా, దాదాపు 55 నుంచి 60 శాతం, ముందుకాళ్ల మీదే ఉంటుంది. ముందుకాలు తేలికై పక్కకు లేవాలంటే ఆ బరువులో కొంత వెనక్కి మళ్లాలి. ఇన్ని కండరాలు ఒక వరుసలో పనిచేయాలి కనుక, ఇది తొందరలో వచ్చే పని కాదు. ఓపికగా నేర్పితే మాత్రం భుజాలూ తుంటీ సాగి, ఒళ్లు రెండు వైపులా సమంగా వంగుతుంది. ఫ్రాన్స్‌లో 18వ శతాబ్దపు స్వారీ గురువు లా గెరినియేర్ గుర్రం భుజాన్ని లోపలికి మళ్లించి ఏటవాలుగా నడిపించే పాఠాన్ని తన శిక్షణకు పునాదిగా పెట్టుకున్నది ఇందుకే.

ముందుకు పరిగెత్తించడానికి భయం చాలు. గుర్రం వేటకు గురయ్యే జంతువుగా పుట్టింది, భయపడితే పారిపోవడం దాని రక్తంలో ఉంది. కొరడా చప్పుడుకు పరుగెత్తిన గుర్రం పాఠం నేర్చుకున్నట్టు కాదు, ప్రాణం కాపాడుకున్నట్టు. భయపడ్డ గుర్రం పక్కకు కూడా దూకుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ప్లాస్టిక్ సంచి ఎగిరినా జంకి పక్కకు ఎగిరే గుర్రాలున్నాయి. కానీ ఆ దూకుడుకూ ఈ అడుగుకూ పోలిక లేదు. జంకిన గుర్రం తల పైకెత్తి, వీపు బిగబట్టి, నాలుగు కాళ్లతో ఒక్కసారిగా ఎగురుతుంది. నేర్చిన గుర్రం తల దించి, ఊపిరి వదులుతూ, ఒక కాలిని ఇంకో కాలి ముందుగా దాటించి, బరువు మార్చి, మళ్లీ రెండో కాలు తీస్తుంది. బెదిరింపుతో ఆ వరుస కుదరదు. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఏమీ నేర్పని గుర్రం పక్కటెముకల మీద చేయి పెట్టి ఆపకుండా నొక్కితే, అది తప్పుకోదు, చాలాసార్లు మన చేతి మీదికే ఒరుగుతుంది. ఒత్తిడి నుంచి పక్కకు తప్పుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన తెలివి కాదు, నేర్పితే వచ్చే అర్థం. అందుకే దీన్ని పరీక్షగా చెప్పవచ్చు.

మన చరిత్రలో గుర్రాన్ని కొన్న కథలు చాలానే ఉన్నాయి, నేర్పిన కథలు తక్కువ. రుద్రమదేవి పాలన గురించీ మోటుపల్లి ప్రాంతం గురించీ రాసిన మార్కో పోలో, దానికి దక్షిణాన తమిళ తీరపు రాజులు ఏటేటా సముద్రం మీదుగా వేల గుర్రాలను తెప్పించుకునేవారని రాశాడు. వాటిని సాకడం తెలియక ఎక్కువ భాగం చచ్చిపోయేవని, అందుకే మళ్లీ మళ్లీ కొనాల్సి వచ్చేదని కూడా చెప్పాడు. తర్వాత విజయనగర రాజులు కూడా హోర్ముజ్ నుంచి వచ్చే గుర్రాల మీద అపారమైన ధనం పోశారు. అలాగని మనకు అశ్వశాస్త్రం లేదని కాదు. అమరకోశం గుర్రం నడకలకు ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అయిదు పేర్లు చెబుతుంది. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణ విలాసం రాశాడు. కానీ సామాన్య జనంలో మిగిలింది ఎక్కువగా లక్షణాల జ్ఞానమే. సుళ్లు ఎక్కడున్నాయి, రంగు ఏమిటి, ఏది శుభం, ఏది అశుభం అన్నవి ఇప్పటికీ గుర్రాన్ని కొనేటప్పుడు అడుగుతారు. ఆ గుర్రానికి ఏం అర్థమవుతుంది, ఎంతవరకు నేర్పారు అన్నది అడగరు. డబ్బు గుర్రాన్ని తెస్తుంది గాని దాని విద్యను తేదు. తమిళ తీరంలో అప్పుడు జరిగిన నష్టానికి, ఇప్పుడు ఖరీదైన గుర్రాన్ని తెచ్చి షెడ్డులో కట్టేసి సెలవు రోజున మాత్రం ఎక్కే అలవాటుకు మూలం ఒక్కటే.

నేల మీద నిలబడి నేర్పడం ఎందుకు, ఎక్కి నేర్పితే రాదా అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి జవాబు గుర్రం చూపులోనూ చర్మంలోనూ ఉంది. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కనుక తన చుట్టూ దాదాపు అంతా చూడగలదు. నుదుటి ముందు కొద్ది భాగం, తోక వెనక కొద్ది భాగం మాత్రమే దానికి కనబడవు. నేల మీద నిలబడిన మనిషి దాని కంటికి పూర్తిగా కనిపిస్తాడు. వీపు మీద ఉన్నవాడు సరిగ్గా కనిపించడు, బరువుగా మాత్రమే తెలుస్తాడు. ఇక ఈగ వాలితే ఆ ఒక్కచోటే చర్మం అదిరించగల జంతువు అది. అంత సున్నితమైన ఒంటికి మడమతో పొడవాల్సిన అవసరం రాకూడదు. మన కదలికలను గుర్రం ఎంత సూక్ష్మంగా చదువుతుందో చెప్పే ప్రసిద్ధమైన ఉదాహరణ జర్మనీలోని హన్స్ అనే గుర్రం. లెక్కలు చేస్తుందని 20వ శతాబ్దం మొదట్లో దానికి గొప్ప పేరు వచ్చింది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు 1907లో దాని గుట్టు కనిపెట్టాడు. గుర్రానికి లెక్కలు రావు. గిట్టతో కొడుతూ సరైన సంఖ్య దగ్గరికి రాగానే, ప్రశ్న అడిగిన మనిషి తలలో, ముఖంలో తనకే తెలియకుండా కలిగే చిన్న కదలికను చూసి ఆపేసేది. దీని నుంచి శిక్షకుడు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. మనం ఇస్తున్నామని తెలియని సంకేతాలను కూడా గుర్రం చదువుతోంది. కాబట్టి నేల మీది శిక్షణ ముందు మనిషిని సరిచేస్తుంది, ఆ తర్వాతే గుర్రాన్ని.

పద్ధతి ఇలా సాగుతుంది. నోట్లో ఇనుము లేకుండా తలకు మాత్రమే తొడిగే హాల్టర్, మూడు నాలుగు మీటర్ల తాడు, చేయి పొడవును పెంచే ఒక సన్నని కర్ర చాలు. తాడును చేతికి చుట్టుకోకూడదు, గుర్రం లాగితే వేళ్లు పోతాయి. నేల చదునుగా, మెత్తగా ఉండాలి. ముందుగా ఆ కర్రతో మెడ, వీపు, కడుపు, కాళ్లు నెమ్మదిగా నిమరాలి. కర్ర దెబ్బకు గుర్తు కాదని, సంకేతమేనని గుర్రానికి నమ్మకం కుదిరేదాకా అసలు పాఠం మొదలుపెట్టకూడదు. ఆ తర్వాత పాఠాన్ని రెండు ముక్కలు చేయాలి. మొదటిది వెనక భాగం. గుర్రం భుజం పక్కన నిలబడి, దాని తుంటి వైపు చూస్తూ, జీను పట్టీ పడే చోటుకు జానెడు వెనక వేలికొనలతో తాకాలి. స్పందన లేకపోతే ఒత్తిడిని కొద్దికొద్దిగా పెంచాలి. మన వైపు ఉన్న వెనకకాలు రెండోదాని ముందుగా దాటబోతూ బరువు మారిన క్షణంలోనే చేయి తీసేయాలి. రెండోది ముందు భాగం. భుజం దగ్గర, మెడ మొదట్లో అదే విధంగా తాకి, ముందుకాలు పక్కకు దాటగానే వదిలేయాలి. గుర్రానికి పాఠం చెప్పేది నొక్కడం కాదు, వదలడం. వదలడం ఆలస్యమైతే, ఏ పని చేసినందుకు ఒత్తిడి పోయిందో దానికి తెలియదు, తప్పు పాఠం నాటుకుపోతుంది.

రెండు ముక్కలు విడివిడిగా వచ్చాక వాటిని కలపాలి. గుర్రం మొహాన్ని కంచె వైపో గోడ వైపో ఉంచితే, ముందుకు పోయే దారి లేక పక్కకు వెళ్లాలన్న ఆలోచన దానికి సులువుగా అందుతుంది. మొదట్లో గోడకు ఏటవాలుగా నిలపడం మంచిది, ఆ కోణంలో కాళ్లు ఒకదానికొకటి తగలకుండా దాటుతాయి. భుజాన్ని ఒక అడుగు, తుంటిని ఒక అడుగు, మళ్లీ భుజాన్ని, మళ్లీ తుంటిని అడుగుతూ పోతే, కొన్ని రోజుల్లో రౌతు కాలు పడే చోట, అంటే కడుపు మధ్యన, తాకితేనే మొత్తం ఒళ్లు కలిసి జరుగుతుంది. మొదటి రోజు రెండు అడుగులు వస్తే చాలు. అక్కడే ఆపి, మెడ నిమిరి, తాడు వదులు చేయాలి. పావుగంట దాటకుండా పాఠం ముగించాలి. కుడివైపు వచ్చింది కాబట్టి ఎడమవైపు దానంతటదే వస్తుందనుకోకూడదు, రెండో వైపుకు పాఠం మళ్లీ మొదటి నుంచీ చెప్పాలి. తర్వాత తాకకుండా చేయి చూపితేనే కదలడం, అటు తర్వాత నేల మీద పరిచిన దుంగకు రెండు వైపులా కాళ్లుంచి దాని వెంట పక్కకు నడవడం వస్తాయి. తప్పులు కూడా దారి చూపిస్తాయి. గుర్రం వెనక్కి పోతుంటే మనం తలకు మరీ దగ్గరగా అడుగుతున్నాం. తుంటి వెనకబడితే తాకే చోటు వెనక్కి జరపాలి. చెవులు వెనక్కి నొక్కిపెట్టి తోక విసురుతుంటే ఒత్తిడి ఎక్కువైంది, లేదా ఎక్కడో నొప్పి ఉంది. నొప్పి అనుమానం వస్తే పాఠం ఆపి పశువైద్యుణ్ణి పిలవాలి. కుంటే గుర్రానికి పక్క అడుగు శిక్షణ కాదు, శిక్ష.

ఇదంతా విదేశీ వేడుక, మన నేలకు సరిపడదు అనేవాళ్లకు చేవెళ్ల రైతే సమాధానం. వలపట ఎద్దు, దాపట ఎద్దు అన్న మాటలు తెలిసిన ఏ రైతుకైనా ఈ విద్య కొత్త కాదు. కాడి కట్టేటప్పుడు ఎద్దు దూరంగా నిలబడితే, రైతు తుంటి మీద చేయి వేసి అదిలించగానే అది పక్కకు జరిగి కాడి కిందికి వస్తుంది. ఆ ఎద్దుకు సాలు తప్పకుండా నడవడం నేర్పింది కూడా నేల మీద నడిచిన మనిషే. ములుగర్రతో రోజంతా పొడిచేవాడి ఎద్దు మొండిబారుతుందని, చేతి స్పర్శకు, మాటకు అలవాటు చేసినవాడి ఎద్దు చెప్పకముందే కదులుతుందని పల్లెకు తెలుసు. ట్రాక్టర్లు వచ్చాక ఆ జ్ఞానం పొలాల నుంచి మెల్లగా తప్పుకుంటోంది. అదే ఊళ్ల పక్కన గుర్రపుశాలల్లో సైసులుగా, అంటే గుర్రాలను చూసుకునేవాళ్లుగా, పనిచేసే యువకులకు ఆ పాత నేర్పును గుర్తుచేసి కొత్త పద్ధతిలో అందించడం తేలిక. బయటి నుంచి తెచ్చుకునేది పద్ధతిలోని వరుసను మాత్రమే, దాని మనసు మన దొడ్లోనే ఉంది.

గట్టి అభ్యంతరం వేరే ఉంది. స్వారీ బడికి వచ్చే పిల్లలూ పెద్దలూ గంటకు డబ్బు కట్టేది గుర్రం ఎక్కడానికి, పక్కన నిలబడి వేలితో తాకడానికి కాదు. నెలల తరబడి నేల పాఠాలు చెబుతూ కూర్చుంటే దాణా ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందని నిర్వాహకులు అడుగుతారు. ఆ లెక్కను తోసిపుచ్చలేం. కానీ అదే లెక్కలో పడిపోయిన పిల్లవాడి చేయి విరిగిన ఖర్చు, గేటుకు గుద్దుకున్న మోకాలి ఖర్చు, మొండికేసి పనికిరాకుండా పోయిన గుర్రం ఖర్చు కూడా వేయాలి. మన దేశపు స్వారీ బడుల్లో పందేల నుంచి విరమించిన థరోబ్రెడ్ గుర్రాలు చాలా ఉంటాయి. మలక్‌పేట లాంటి పందెపు మైదానంలో అవి నేర్చుకున్నది ముందుకు దూసుకుపోవడం. జాకీ కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంటాడు కనుక, కడుపుకు రెండు పక్కలా కాళ్లు ఆనించడం ఆ గుర్రాలకు అలవాటు లేదు. అలాంటి గుర్రం మీద కొత్తవాణ్ణి ఎక్కించి కాళ్లు బిగించమంటే, అది పరుగే తీస్తుంది. కడుపుకు తగిలిన స్పర్శకు పక్కకు జరగమని కూడా అర్థముందని దానికి ముందు నేల మీదే చెప్పాలి. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. గుర్రం విషయంలో ఆ సామెత సగమే నిజం. పందేలు మానిన పెద్ద గుర్రాలు కూడా ఓపికగల చేతిలో ఈ పాఠం నేర్చుకుంటాయి. ఇక పిల్ల గుర్రాల విషయంలో లాభం మరీ ఎక్కువ. గుర్రం వెన్నెముక పూర్తిగా గట్టిపడటానికి సుమారు అయిదారేళ్లు పడుతుంది. వీపు మీద బరువు వేయకుండా చదువు చెప్పే మార్గం నేల పాఠమే.

ఒత్తిడి పెట్టి వదలడం కూడా హింసే కదా, తిండి ఆశ చూపి నేర్పకూడదా అని అడిగేవాళ్లున్నారు. ఆ ప్రశ్న మంచి మనసు నుంచి వస్తోంది, దాన్ని గౌరవించాలి. బెల్లం ముక్కతో, క్యారెట్‌తో మెచ్చుకోవడం పాఠాన్ని తీపి చేస్తుంది, తప్పకుండా కలుపుకోవచ్చు. కానీ రేపు రౌతు కాలు, పగ్గం, బరువు అన్నీ ఎంతోకొంత ఒత్తిడిగానే తగులుతాయి. వాటి అర్థం తెలియని గుర్రం రోజూ అయోమయంలో బతుకుతుంది. వేలికొన బరువుతో మొదలై, సమాధానం రాగానే మాయమయ్యే ఒత్తిడి గుర్రానికి ఒక మాట. ఎప్పటికీ వదలని ఒత్తిడి హింస. పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు చప్పుళ్ల మధ్య ముళ్ల కళ్లెంతో గుర్రాన్ని అటూ ఇటూ ఆడించడం రెండో రకం. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960లోనే వచ్చింది. 1965 నాటి నియమాలు ముళ్లున్న కళ్లేలను, ముళ్ల కర్రలను నిషేధించాయి. ఊరేగింపులో నోరు చీరుకుపోతూ పక్కకు ఎగిరే గుర్రమూ పక్కకే కదులుతోంది. చూసేవాళ్లకు అది నాట్యంలా కనిపిస్తుంది. గ్రీకు సేనాని జెనొఫన్ సుమారు 2400 ఏళ్ల కిందటే తన అశ్వవిద్యా గ్రంథంలో, బలవంతంగా చేయించిన దానిలో గుర్రానికి అర్థమూ ఉండదు, చూసేవాడికి అందమూ ఉండదన్న భావం చెప్పాడు. ఈ తేడా కనిపెట్టడం మన కంటికి కూడా నేర్పాలి.

నేల మీద వచ్చింది జీను మీద దానంతటదే వస్తుందా అంటే, పూర్తిగా రాదు. ఈ పరిమితిని ఒప్పుకోవాలి. గుర్రం పాఠాన్ని దాని చోటుతో, మనిషి నిలబడిన తీరుతో కలిపి గుర్తుంచుకుంటుంది. అందుకే మధ్యలో ఒక మెట్టు ఉండాలి. వీపు మీద ఒకరు, నేల మీద ఒకరు ఉండి, ముందు రౌతు కాలితో మెల్లగా తాకాలి, వెంటనే కింద ఉన్నవాడు గుర్రానికి తెలిసిన సంకేతం ఇవ్వాలి. కొన్నిసార్లకు రౌతు స్పర్శ ఒక్కటే చాలుతుంది. ఈ మెట్టు ఎక్కిన గుర్రానికి ఎన్ని పనులు అమరుతాయో చూడండి. ప్రపంచంలో పలుచోట్ల పోలీసు అశ్వదళాలు గుంపులను అదుపు చేసేది గుర్రాన్ని ముందుకు ఉరికించి కాదు. పక్కగా నడిపించి, దాని విశాలమైన పక్క భాగంతో జనాన్ని మెల్లగా వెనక్కి జరుపుతాయి. ముందుకు ఉరికే గుర్రం కింద మనుషులు పడతారు, పక్కకు నడిచే గుర్రం వారికి జరిగే సమయం ఇస్తుంది. ఒకే జంతువు, ఒకే బరువు. నేర్పిన అడుగును బట్టి అది ప్రమాదమో రక్షణో అవుతుంది.

కాబట్టి ఆలూరులోనైనా, అజీజ్‌నగర్‌లోనైనా, ఇంకెక్కడైనా గుర్రాన్ని కొనబోయేవాళ్లు, పిల్లలను స్వారీకి పంపబోయేవాళ్లు ఒక చిన్న పని చేయాలి. పరుగు చూపించమని అడగకండి. గుర్రాన్ని చూసుకునే సైసును దాని పక్కన నిలబడి, వేలితో తాకి, పక్కకు ఒక్క అడుగు వేయించమని అడగండి. అది తల దించి, కాలి ముందు కాలు దాటించి, ప్రశాంతంగా జరిగితే ఆ గుర్రపుశాలలో చదువుందని అర్థం. తల ఎగరేసి, కళ్లు తెల్లబెట్టి, తాడు లాగితే, ఆ గుర్రం మీద మీ బిడ్డను కూర్చోబెట్టే రోజు ఇంకా రాలేదు. దానికి ముందు పాఠం చెప్పించండి. గుర్రాన్ని కట్టేయడానికి తాడు చాలు, దాని నమ్మకం పొందాలంటే ఆ తాడును సరైన క్షణంలో వదులు చేయడం తెలియాలి.